సైకిల్ మీద ఆఫీసుకి: మొదటి నెల గట్టెక్కడం ఎలా?

"ఏ సైకిల్ కొనమంటారు?"

నేను సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తానని తెలిసిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఇదే. రెండో ప్రశ్న, "చెమట పట్టదా?" మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, "భయం వెయ్యదా?" మూడూ అడగాల్సిన ప్రశ్నలే, వరుసే తిరగబడింది. ముందు భయం సంగతి తేల్చుకోవాలి. అంటే దారి సంగతి. సైకిల్ గురించి ఆఖర్న అడిగినా నష్టం లేదు. పాతిక వేలు పెట్టి కొని, మూడు రోజులు తొక్కి, ఇప్పుడు దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న వాళ్ళు నాకు నలుగురు తెలుసు. నలుగురి సైకిళ్ళూ మంచివే. దారే బాగోలేదు.

నా ఇల్లు తార్నాక, ఆఫీసు హిమాయత్‌నగర్. ఏడు కిలోమీటర్ల చిల్లర. కింద రాసిందంతా హైదరాబాదు రోడ్ల మీద దెబ్బలు తిని నేర్చుకున్నది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉంటే దూరాలు తగ్గుతాయి, ఎండ తగ్గదు. విశాఖ అయితే ఎత్తుపల్లాల గురించి నేను చెప్పేదానికి ఇంకో రెండు రెట్లు కలుపుకోండి.

ఆఫీసు పది కిలోమీటర్ల లోపు ఉంటే ఈ పద్ధతి నేరుగా పనికొస్తుంది. పదిహేను దాటితే మొదటి నెలలోనే మొత్తం దూరం తొక్కాలని పట్టు పట్టొద్దు. దగ్గర్లోని మెట్రో స్టేషన్ దాకానో ఎంఎంటీఎస్ స్టేషన్ దాకానో సైకిల్ మీద వెళ్ళి, అక్కడ పార్కింగ్‌లో తాళం వేసి రైలెక్కండి. అదీ సైకిల్ మీద ఆఫీసుకెళ్ళడమే, ఎవరూ మార్కులు తగ్గించరు.

ఏమేం కావాలి

సైకిల్: ఇంట్లో ఉన్నది చాలు. పిల్లవాడిది కాకపోతే చాలు, గేర్లు లేకపోయినా సరే. కొత్తది కొనక తప్పదంటే మడ్‌గార్డులు, క్యారియర్ బిగించే వీలున్నది, లావు మరీ ఎక్కువ కాని టైర్లున్నది చూడండి. ముందు ఫోర్కులో స్ప్రింగులున్న చవక మోడళ్ళ జోలికి పోవద్దు. ఆ స్ప్రింగు గుంతల కన్నా ఎక్కువగా మీ బలాన్నే మింగుతుంది. బరువు అదనం.

లైట్లు: ముందు తెల్లది, వెనక ఎర్రది. పగలు వెళ్ళి పగలు వచ్చేవాళ్ళకీ కావాలి, ఎందుకంటే "ఒక్క అరగంట ఆగు, చిన్న మీటింగ్" అనే మేనేజర్ ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు.

హెల్మెట్: కనుబొమ్మల పైన రెండు వేళ్ళ ఎడం ఉండేలా కూర్చోవాలి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరాలి. వెనక్కి వాల్చి నుదురంతా కనపడేలా పెట్టుకుంటే అది టోపీ కింద లెక్క.

బెల్లు, గట్టి తాళం, చిన్న పంపు, పంచర్ కిట్టు (ప్యాచులు, సొల్యూషన్, గరుకు కాగితం, టైరు లివర్లు రెండు), క్యారియర్‌కి కట్టుకోడానికి రబ్బరు తాడు. ఇంకా ఒక పాత నేత గుడ్డ. అది ఎన్నిసార్లు ఆదుకుంటుందో చెప్పలేను.

అక్కర్లేనివి: సైకిల్ షూలు, బిగుతు బట్టలు, వేగం చూపే మీటరు. ముఖ్యంగా మీటరు. అదుంటే సిటీ బస్సుతో పందెం వెయ్యాలనిపిస్తుంది.

1. దారి వెతకండి

ఉన్న సమయంలో సగం దీనికే పెట్టండి. కారులో వెళ్ళే దారి సైకిల్‌కి పనికిరాదు, బైకు మీద వెళ్ళే దారి కూడా పనికిరాదు. మ్యాప్‌లో నడిచే మనిషి బొమ్మ నొక్కి చూడండి, ఇన్నేళ్ళూ మీ కంట పడని గల్లీలు బయటికొస్తాయి. ఒక హెచ్చరిక: ఆ దారిలో వన్‌వేలకి ఎదురు వెళ్ళేవి, మెట్లున్నవి కూడా కలిసి ఉంటాయి. వాటిని తీసేసుకోవాలి.

దారి ఎంచుకునేటప్పుడు నేను చూసేవి:

మెయిన్ రోడ్డుకి సమాంతరంగా కాలనీ రోడ్డు ఉందా? స్పీడ్ బ్రేకర్లు ఎక్కువుంటే సంతోషించండి, అవి కార్లని ఆపుతాయి, మిమ్మల్ని కాదు.

కుడివైపు మలుపులు ఎన్ని? మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి కుడి మలుపంటే రోడ్డంతా దాటాలి. మూడు కుడి మలుపులున్న దగ్గర దారి కన్నా ఒకటే ఉన్న చుట్టుదారి మేలు.

ఫ్లైఓవర్ కింద రోడ్డుందా? ఉంటే కిందే వెళ్ళండి. పైన ఎక్కడం కష్టం, దిగేటప్పుడు వెనక వాహనాల వేగం ఇంకా కష్టం. కొన్నిచోట్ల ఎంచుకునే పనే లేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలని రానివ్వరు. ఔటర్ దగ్గర సర్వీసు రోడ్డే మీది.

ఎత్తు ఎక్కడుంది? జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు ఆఫీసైతే కిలోమీటరు ఎక్కువైనా చదునుగా ఉన్న దారి పట్టండి. ఇంటికొచ్చేటప్పుడు ఆ కొండే దిగుతారుగా అని సర్దిచెప్పుకోకండి, పొద్దున్న చెమట పొద్దున్నదే.

నా దారి చెప్తాను, లెక్క అర్థమవుతుంది. తార్నాక నుంచి అందరూ ఆడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కి విద్యానగర్ వెళ్తారు. మొదటి వారం నేనూ అలాగే వెళ్ళాను. ఫ్లైఓవర్ మీద వెనక బస్సు హారన్ కొడుతుంటే వీపు మీద వేడినీళ్ళు పోస్తున్నట్టుండేది. తర్వాత ఉస్మానియా క్యాంపస్‌లోంచి, 1939లో కట్టిన ఆ ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి ఎన్‌సీసీ గేటు వైపు పోవడం అలవాటైంది. అక్కణ్ణించి శివం రోడ్డు, ఫీవర్ ఆస్పత్రి, నల్లకుంట, బర్కత్‌పుర, నారాయణగూడ. దూరం కాస్త పెరిగింది, బీపీ తగ్గింది. క్యాంపస్ గేట్లకి వేళలుంటాయి, అవి మారుతుంటాయి కూడా. ఇలాంటి దారి పట్టేవాళ్ళు సెక్యూరిటీ వాళ్ళని ముందే పలకరించి పెట్టుకోండి.

ఔటర్ వెంట 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఇల్లూ ఆఫీసూ ఉన్నవాళ్ళకి అది అదృష్టం. మిగతావాళ్ళం కారుకి సైకిల్ కట్టుకుని అక్కడిదాకా వెళ్ళి తొక్కి రావాలి. ఆ పని నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

2. ఆదివారం ఒకసారి రిహార్సల్ వెయ్యండి

పొద్దున ఏడింటికి, ఖాళీ రోడ్ల మీద, ఆఫీసు గేటు దాకా వెళ్ళి రండి. వేగంగా కాదు. గంటకి పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు వెళ్తే చాలు, ఎనిమిది కిలోమీటర్లు అరగంట నుంచి నలభై నిమిషాల్లో అవుతుంది. దారిలో మూడు గుర్తు పెట్టుకోండి: పంచర్ షాపులు ఎక్కడున్నాయి, మూతలేని మ్యాన్‌హోల్సూ పెద్ద గుంతలూ ఎక్కడున్నాయి, వానొస్తే నిలబడ్డానికి కప్పున్న చోట్లు ఏవి.

రిహార్సల్ సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోడానికి ఒకటే పరీక్ష. ఆఫీసు చేరాక ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడండి. ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే మీ వేగం సరైనది. మాట మధ్యలో ఆగుతుంటే ఆఫీసు రోజున ఇంకో పది నిమిషాలు ముందే బయల్దేరండి.

వారంలో రెండు రోజులతో మొదలుపెట్టండి. మంగళ, గురువారాలు మంచివి. సోమవారం ట్రాఫిక్ గురించి వేరే చెప్పాలా?

3. సీటు ఎత్తు సరిచెయ్యండి

మోకాళ్ళ నొప్పులొచ్చి మానేశామనే పదిమందిలో ఏడెనిమిది మందికి సీటు కిందికి ఉంటుందని నా లెక్క. కాళ్ళు రెండూ నేలకి ఆనితేనే ధైర్యం అని సీటు దించేస్తారు. అలా తొక్కితే బరువంతా మోకాలి మీద పడుతుంది.

గోడకి ఆనుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతారు కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది, కావలసింది అదే. ఈ ఎత్తులో ఆగినప్పుడు కాలివేళ్ళు మాత్రమే నేలకి అందుతాయి. అలవాటయ్యేదాకా రోజుకి అర సెంటీమీటరు చొప్పున పెంచుకుంటూ పోండి.

వారం తర్వాత చూసుకోండి: మోకాలి ముందు భాగం లాగుతుంటే సీటు ఇంకా తక్కువుంది. మోకాలి వెనక లాగుతుంటే, లేదా తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే ఎక్కువైంది. పైపు మీద గీసి ఉండే హద్దు గీత మాత్రం బయటికి కనపడకూడదు, అది కనపడితే పైపు విరిగే ప్రమాదముంది.

4. బయల్దేరే ముందు ఒక్క నిమిషం

గాలి: ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు పోసి ఉంటుంది. గేజి లేకపోతే సీటు మీద కూర్చుని వెనక టైరు వంక చూడండి. కింద కొద్దిగా ఉబ్బితే సరే. పరుచుకుపోతే గాలి కొట్టాలి. మా తార్నాక పంచర్ షాపు భాయ్ నన్ను మొదటిసారి చూసి అన్న మాట, "సార్, మీరు సైకిల్ తొక్కుతలేరు, ఈడుస్తున్నరు." నిజంగానే సగం గాలితో నెల తిరిగాను. గాలి నిండాక దారి రెండు కిలోమీటర్లు తగ్గినట్టనిపించింది.

బ్రేకులు: ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకి తొయ్యండి, వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే చక్రం తిరక్కుండా జారాలి. రెంటిలో ఏది జరక్కపోయినా ఆ రోజు బస్సెక్కండి. రబ్బర్లు అరిగి గీతలు మాయమైతే మార్చాల్సిందే, ఇనుము రిమ్ముకి తగిలేదాకా ఆగితే రిమ్ము కూడా పోతుంది.

చైను: వేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు ఆడాలి. మరీ వదులుగా ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడే ఊడుతుంది, దానికదే ముహూర్తం.

చివరగా, సైకిల్‌ని రెండంగుళాలు ఎత్తి వదిలెయ్యండి. టప్ అని ఒక చప్పుడు రావాలి. గలగలమంటే ఏదో వదులైంది, వెతికి బిగించండి.

5. రోడ్డు మీద

కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు భయంతో రోడ్డు అంచుకి అతుక్కుపోవడం. అంచున ఇసుక, గాజు పెంకులు, మురికి కాలువ జాలీలు ఉంటాయి. పైగా అంచున ఉంటే వెనకవాడికి "ఇంకా చోటుంది" అనిపించి గీసుకుంటూ పోతాడు. అంచు నుంచి మూడడుగులు లోపలికి, గీత గీసినట్టు నిటారుగా వెళ్ళండి. గుంత వచ్చిందని చటుక్కున పక్కకి తిప్పొద్దు. ముందే చూసి, ఒకసారి వెనక్కి తిరిగి, మెల్లగా జరగండి.

ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్ళేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, కుడివైపు తలుపు తెరుస్తాడు. అది సరిగ్గా మీరున్న వైపే. కారు అద్దంలో మనిషి కనపడితే తలుపు తెరుచుకుంటుందనే అనుకోండి. నేను ఒకసారి అనుకోలేదు. ఎడమ మణికట్టు ఇప్పటికీ చలికాలంలో గుర్తు చేస్తుంది.

ఆటో ముందుంటే దాని డ్రైవర్ని కాదు, ఫుట్‌పాత్ మీద చెయ్యెత్తే మనిషిని చూడండి. ఆటో ఎక్కడ ఆగేదీ ఆ చెయ్యి చెప్తుంది. మెట్రో స్టేషన్ల కింద ఈ గొడవ మరీ ఎక్కువ. మెట్లు దిగిన జనం, ఆగిన ఆటోలు, మధ్యలో బస్సు. అక్కడ బ్రేకు మీద వేళ్ళు పెట్టుకునే వెళ్ళాలి.

బస్సుకి ఎడమ పక్కన ఎప్పుడూ దూరొద్దు. అది ఎడమకి తిరిగితే మీకు పోవడానికి చోటుండదు. సిగ్నల్ దగ్గర ఎంత ఖాళీ కనిపించినా సరే, వెనకే ఆగండి.

పెద్ద జంక్షన్‌లో కుడికి తిరగాలంటే రెండు మార్గాలు. ట్రాఫిక్‌తోపాటు కుడి లేన్‌లోకి వెళ్ళి తిరగడం ఒకటి, ముందు నేరుగా అవతలికి వెళ్ళి, అక్కడ దిగి, సైకిల్ నడిపించుకుంటూ జనంతో పాటు దాటడం ఇంకొకటి. మొదటి నెల రెండోదే చెయ్యండి. ఇన్నేళ్ళయినా నారాయణగూడ చౌరస్తాలో నేను ఇప్పటికీ దిగే దాటుతాను. దిగి నడిపించడం నామోషీ ఏమీ కాదు.

బ్రేకు మలుపుకి ముందు పట్టాలి, మలుపులో కాదు. ఈ ముక్క నాకు ఒక తాపీమేస్త్రీ చెప్పాడు: "మలుపుల ఇసుకుంటది సార్, ఆడ బ్రేక్ కొట్టకు." ఆయన మాట మర్చిపోయిన రోజు బర్కత్‌పురలో పడ్డాను.

కుక్కలు: రాత్రి తొమ్మిది దాటాక వెంటపడతాయి. వేగం పెంచితే అవీ పెంచుతాయి. ఆగి దిగండి, సైకిల్‌ని వాటికీ మీకూ మధ్య పెట్టి నడవండి. చాలాసార్లు అవి అక్కడితో ఆసక్తి పోగొట్టుకుంటాయి. కాలితో తన్నబోతే బ్యాలెన్స్ పోయి మీరే పడతారు.

మాంజా: సంక్రాంతి ముందు వెనకల రెండు మూడు వారాలు మెడకి మందపాటి గుడ్డ చుట్టుకోండి, కొసలు చొక్కాలోకి దోపుకోండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా కరెంటు తీగల నుంచి వేలాడుతూనే ఉంటుంది, దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఆ రోజుల్లో వేగం తగ్గించడం తప్ప నమ్మకమైన ఉపాయం లేదు.

6. చెమట

పడుతుంది. కానీ ఎక్కువగా కారేది తొక్కేటప్పుడు కాదు, ఆగాక. కదులుతున్నంతసేపూ గాలి ఆరబెడుతుంది, ఆగగానే ఒక్కసారిగా కారుతుంది. అందుకని:

ఆఖరి కిలోమీటరు నడక కన్నా కొంచెం వేగంగా వెళ్ళండి, అంతే.

చేరగానే చొక్కా మార్చొద్దు. అందరూ చేసే పొరపాటు ఇదే. రెండో చొక్కా కూడా తడుస్తుంది. పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చోండి, నీళ్ళు తాగండి, తడి గుడ్డతో మెడ, చంకలు తుడుచుకోండి, అప్పుడు మార్చండి.

బ్యాగు వీపుకి తగిలించుకోకండి, క్యారియర్‌కి కట్టండి. వీపు తడవడంలో సగం పాపం బ్యాగుదే. ల్యాప్‌టాప్ ఉంటే క్యారియర్ మీద కింద ఒక మెత్తటి గుడ్డ వేసి కట్టండి.

సోమవారం బస్సులో వెళ్ళేటప్పుడు వారానికి సరిపడా రెండు చొక్కాలు ఆఫీసు డ్రాయర్‌లో పడేసి రావడం నా పద్ధతి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది లోపు ఆఫీసులో ఉండాలి. కుదరకపోతే ఆ రెండు నెలలు వదిలెయ్యండి. వడదెబ్బ తగిలించుకుని నిరూపించేదేమీ లేదు.

చున్నీ, చీర కొంగు, వదులు పైజామా చైనులోనో చక్రంలోనో పడితే సైకిల్ ఉన్నపళంగా ఆగిపోతుంది. చైను కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్న లేడీస్ సైకిల్ ఈ విషయంలో ఎంత ఖరీదైన సైకిల్ కన్నా మేలు. మా ఆఫీసులో తొక్కే ఒకావిడ చున్నీ బ్యాగులో పెట్టుకుని వస్తారు, లిఫ్టులో వేసుకుంటారు. ప్యాంటు వాళ్ళు కుడికాలు అంచు మడిచి రబ్బరు బ్యాండు వేస్తే సరి.

7. తాళం

సన్నటి తీగ తాళం ఒక కట్టర్‌కి ఒక నొక్కు. యు ఆకారపు ఇనుప తాళమో, మందపాటి గొలుసో తీసుకుని, ఫ్రేమూ వెనక చక్రమూ రెండూ కలిపి కదలని దేనికైనా వెయ్యండి. ముందు చక్రానికి మాత్రమే వేస్తే చక్రం మీకు మిగులుతుంది. పెడల్స్ దగ్గర ఫ్రేమ్ అడుగున ఒక నంబరు కొట్టి ఉంటుంది, ఫొటో తీసి పెట్టుకోండి. పోతే పోలీసులకి చూపించడానికి అదే ఆధారం.

చేత్తో తిప్పి ఊడదీసే సీటు బిగింపు ఉంటే దాన్ని మామూలు నట్టుతో మార్పించండి. ఒక షాపు బయట నా సైకిల్ భద్రంగానే ఉంది, సీటు లేదు. నాలుగు కిలోమీటర్లు నిలబడి తొక్కుకుంటూ ఇంటికొచ్చాను.

8. పంచర్

షాపు దగ్గర్లో ఉంటే షాపుకే వెళ్ళండి. కానీ ఒక్కసారైనా ఇంట్లో స్వయంగా చేసి చూడండి, రాత్రి తొమ్మిదింటికి షట్టర్లు దించేసి ఉంటాయి.

ముందుగా ఇది పంచరేనా? మన మామూలు సైకిళ్ళ వాల్వులో ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్‌ట్యూబు అంటారు. అది పాడైనా గాలి మెల్లగా దిగుతుంది. వాల్వు మీద ఉమ్మి రాసి చూడండి, బుడగ వస్తే అదే దొంగ. గొట్టం మారిస్తే చాలు. బుడగ రాకపోతే:

గాలంతా తీసి, టైరుని చేత్తో పిసికి రిమ్ము నుంచి వదులు చెయ్యండి. లివర్లతో ఒక పక్క మాత్రమే బయటికి తియ్యండి. చక్రం ఊడదియ్యక్కర్లేదు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బకెట్ నీళ్ళలో ముంచి బుడగలొచ్చే చోటు గుర్తు పెట్టండి. ఒకటి దొరికిందని ఆగిపోకుండా ట్యూబంతా చూడండి.

ఆ చోటు తుడిచి బాగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో ప్యాచు కన్నా కాస్త పెద్ద మేర రుద్దండి. సొల్యూషన్ పల్చగా రాసి, మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. తడిగా ఉండగా అంటిస్తే ప్యాచు జారుతుంది. వేలు తాకిస్తే అంటుకోకుండా ఉండాలి, అప్పుడు పెట్టి గట్టిగా నొక్కండి.

ట్యూబు తిరిగి ఎక్కించే ముందు టైరు లోపల ఆ పాత గుడ్డతో చుట్టూ తుడవండి. వట్టి వేళ్ళతో వద్దు. ముల్లు గానీ గాజు ముక్క గానీ ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. తుమ్మముల్లు తియ్యకుండా ట్యూబు ఎక్కించి, ఒకే రోజు ఒకే చోట మూడు ప్యాచులేసిన ఘనుణ్ణి నేను. టైరు ఎక్కించడానికి చివర్లో లివరు వాడకండి, ట్యూబు నలిగి కొత్త చిల్లి పడుతుంది. బొటనవేళ్ళతో తొయ్యండి.

బాగైందో లేదో: గాలి కొట్టి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న అదే గట్టితనం ఉంటే మీరు పాసయ్యారు.

9. వాన

నీళ్ళు నిలిచిన చోట్లోకి వెళ్ళొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనపడదు. ఆదివారం గుర్తు పెట్టుకున్న కప్పు కింద ఆగండి, హైదరాబాదు వాన చాలాసార్లు గంటలో అలసిపోతుంది.

ఇనుప రిమ్ములున్న పాతరకం సైకిళ్ళకి తడిలో బ్రేకు దాదాపు పట్టదు. ఆగాల్సిన చోటికి చాలా ముందే మెల్లగా నొక్కుతూ వస్తే రిమ్ము మీది నీళ్ళు తుడుచుకుపోయి పట్టు దొరుకుతుంది. రోడ్డు మీద తెల్ల పెయింటు గీతలు, ఇనుప మూతలు, రైలు పట్టాలు తడిస్తే సబ్బులా జారతాయి. పట్టాలని ఏటవాలుగా కాక అడ్డంగా, నిటారుగా దాటండి.

ఇంటికి రాగానే చైను తుడిచి, లోపలి వైపున లింకుకో చుక్క నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది తుడిచెయ్యండి. కుట్టు మిషన్ నూనె ఫర్వాలేదు. కొబ్బరి నూనె, వాడేసిన ఇంజను ఆయిల్ వద్దు, రెండూ మట్టిని పిలిచి కూర్చోబెడతాయి.

10. తోడు

నేను చూసినంతలో సైకిల్ మానేసే వాళ్ళలో ఎక్కువమంది మూడో వారంలో మానేస్తారు, అదీ ఒంటరితనంతో. రోడ్డు మీద మనలాంటి వాడు ఇంకొకడు లేడనిపిస్తుంది. అది మన చూపు లోపం. పొద్దున ఏడున్నరకి శివం రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టండి. డ్యూటీ మారి ఇంటికెళ్ళే వాచ్‌మన్లు, క్యారియర్‌కి టిఫిన్ బాక్సు కట్టుకున్న మేస్త్రీలు, ఇడ్లీ గిన్నెలు మోసే వాళ్ళు. హెల్మెట్ లేదు, హుషారైన బట్టలు లేవు కాబట్టి మనం వాళ్ళని సైకిలిస్టులు అనుకోం. వాళ్ళంతా నాకు ఇరవై ఏళ్ళు సీనియర్లు. సిగ్నల్ దగ్గర ఒక్కసారి తల ఊపండి. వారంలో ఊపు తిరిగొస్తుంది. నెలలో "అన్నా, ముందట తవ్విండ్రు, ఇటు రా" అనే వార్త ఏ యాప్ కన్నా ముందే అందుతుంది.

ఆదివారాలు గండిపేట, అనంతగిరి వైపు వెళ్ళే క్లబ్బులూ ఉన్నాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేసే బ్రెవే రైడ్ల వాళ్ళూ ఉన్నారు. మంచివాళ్ళు, గేర్లు ఎలా మార్చాలో ఓపిగ్గా నేర్పుతారు. కాకపోతే వాళ్ళ ఆట వేరు. వాళ్ళ సైకిల్ ధర విని మీది అమ్మేయాలనుకుంటే ఓ నెల ఆగి ఆలోచించండి.

అన్నిటికన్నా పనికొచ్చేది మీ దారిలోనే వెళ్ళే ఒకరిద్దరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఆఫీసు పార్కింగ్‌లో ఆగి ఉన్న సైకిల్ మీద ఒక చీటీతో అడగండి. నాకు మొదటి తోడు అలా చీటీతోనే దొరికింది. ఇప్పుడు ఐదుగురం. కలిసి వెళ్ళడానికి మేం పెట్టుకున్న పద్ధతులు:

చోటు, టైము మారవు. రెండు నిమిషాలు చూస్తాం, రాకపోతే బయల్దేరతాం. ఎవరూ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

వేగం అందరిలో నెమ్మదైన మనిషిది. కొత్తగా వచ్చినవాళ్ళని ముందు నుంచి రెండో స్థానంలో పెడతాం, ఆఖర్న కాదు. ఆఖర్న ఉంటే అందుకోడానికి ఎగపోసుకుంటారు. ఆఖర్న పంపు ఉన్న పాత మనిషి ఉంటారు.

మెయిన్ రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు, కబుర్లు క్యాంపస్‌లోనే. మీ ముందు చక్రం ఎదుటివాళ్ళ వెనక చక్రం పక్కకి చేరకూడదు, రెండూ తగిలితే పడేది వెనకవాళ్ళే. గుంత కనపడితే చేత్తో చూపించి "గుంత" అని అరవాలి. ఆగుతున్నప్పుడు అరచెయ్యి కిందికి చూపించాలి.

సిగ్నల్ దగ్గర ఎవరైనా వెనకబడితే జంక్షన్ దాటాక ఎడమ పక్కన ఆగి చూడాలి. జంక్షన్ మధ్యలో ఎప్పుడూ కాదు.

ఆరుగురు దాటితే రెండు జట్లు. ఎనిమిదిమందిమి వరసగా వెళ్ళిన రోజు మధ్యలోకి ఒక ఆటో దూరింది, దాని వెనక బైకు. మళ్ళీ ఒకచోట చేరేసరికి ఫీవర్ ఆస్పత్రి వచ్చింది.

నెల తర్వాత చూసుకోవాల్సినవి

స్పోకుల్ని రెండేసి పట్టుకుని నొక్కుతూ చక్రమంతా తిరగండి. ఒకటి మెత్తగా తగిలితే షాపులో బిగించమని, బెండు తియ్యమని చెప్పండి. హ్యాండిల్, సీటు, పెడల్ నట్లు పానాతో ఒకసారి బిగించండి. ఒక చిన్న కిటుకు: ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, మామూలుగా ఊడదీసే వైపు తిప్పితే ఊడటానికి బదులు బిగుసుకుంటుంది.

క్యాలెండర్ తీసి ఎన్ని రోజులు వెళ్ళారో లెక్కపెట్టండి. ఎనిమిది అనుకుని ఐదు వెళ్ళి ఉంటే, ఎగ్గొట్టిన మూడు రోజుల పక్కన కారణం రాయండి. వాన, ఆలస్యం, బద్ధకం ఏదైనా సరే. మూడింటికీ ఒకే జంక్షన్ పేరు రాస్తే మాత్రం, మళ్ళీ ఒకటో మెట్టుకి వెళ్ళి ఆ జంక్షన్ తగలని దారి వెతకండి.